కాగితం మీద చచ్చిన ఉడుము

మంగళవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు, బేకరీ వెనక గదిలో ఉడుము చచ్చిపోయిందని అక్కడున్న నలుగురూ ఒప్పుకున్నారు.

ఆ మాట ముందు అన్నది రొట్టెలాయన. వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. పిండి బతికుందో చచ్చిందో ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా వేలితో చెబుతున్నాడు. పొంగిన ముద్దలో చూపుడువేలు అర అంగుళం దించి తీస్తాడు. పడిన గుంట మెల్లగా పైకి లేస్తే పిండి బతికున్నట్టు. లేవకపోతే చచ్చినట్టే, దాన్ని బట్టీలో పెట్టినా అట్ట దిగుతుంది తప్ప రొట్టె దిగదు. ఆ ఉదయం కూడా ఆయన అదే చేశాడు. మోకాళ్ల మీద కూర్చుని ఉడుము పొట్టమీద వేలు నొక్కి తీశాడు. తోలు చల్లగా ఉంది. గుంట పడింది. లోలోపల ఇరవై లెక్కపెట్టాడు. గుంట లేవలేదు. తోక ఎత్తి వదిలాడు. అది నేలమీద పడి, పడ్డచోటే ఉండిపోయింది.

“పోయింది,” అన్నాడు.

అన్న మరుక్షణం, భుజం మీంచి బస్తా దించినట్టు ఆయనకు ఒళ్లు తేలికైంది. ఎందుకైందో అర్థం కాలేదు. తొమ్మిదేళ్లు పెంచినది పోతే కళ్లు తడవాలి. ఆయనవి తడవలేదు. తడిసినవి భార్య కళ్లు. అదీ అర్థం కాలేదు. ఆవిడ ఎడమ పిక్కమీద ఎనిమిది కుట్ల మచ్చ ఉంది. కిందటేడు గది కడుగుతుండగా ఆ ఉడుము కరిచిన మచ్చే అది. “ఇది చచ్చిన రోజు వీధంతా తీపి పంచుతాను,” అని ఆవిడ కనీసం వారానికోసారి అనేది. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

“చచ్చినవాడి కళ్లు చారెడంటారు గానీ, ఉడుముక్కూడానా అమ్మా?” అన్నాడు మేస్త్రీ. బట్టీ బాగుచేయడానికి మూడు రోజులుగా వస్తున్న మనిషి. అన్నాక, ఎవరూ నవ్వకపోవడంతో తాపీ కడగడానికి వెళ్లిపోయాడు.

పదహారేళ్ల కూతురు గడప దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది.

ఉడుము ఆ ఇంటికి కట్టెల్లో వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట బట్టీకి దింపిన లోడులో, బెరడు కింద, స్కేలంత పిల్ల. వీపుమీద పసుపు చుక్కలు. అప్పటికి కూతురికి ఏడేళ్లు. గోడమీద పిల్లి కాచుకుని ఉంది. రొట్టెలాయన దాన్ని పిండి జల్లెడతో మూసి లోపలికి తెచ్చాడు. బట్టీ వెనక గోడకూ ప్రహరీకీ మధ్య ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున ఒక గది ఉంది. పాత ట్రేలు పెట్టుకునే గది. బట్టీ ఎప్పుడూ ఆరదు గనక ఆ గోడ ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. పిల్ల రెండు రోజులుండి కోలుకుంటుంది, వదిలేద్దాం అనుకున్నారు. తర్వాత వర్షాలొచ్చాయి. తర్వాత కూతురికి జ్వరం వచ్చింది. తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

దానికి మేనేజరని పేరు పెట్టింది రొట్టెలాయన భార్య. “పనీపాటా లేదు. వేళకి తిండి, వెచ్చటి గది. పలకరిస్తే బుస్సుమంటాడు. మేనేజరు కాక మరేంటి?” అంది. జీతం కింద పగిలిన గుడ్లు పోయేవి. గదిలోంచి పిండి కొట్లోకి ఒక కన్నం ఉంది. ఆ తొమ్మిదేళ్లలో ఒక్క బస్తాకూ ఎలుక పన్ను తగల్లేదు. స్కేలంత పిల్ల ఆరడుగుల తొమ్మిది అంగుళాలయింది. పిండి కాటామీద పదిహేను కిలోలు తూగింది.

రొట్టెలు దించే చెక్క పార ఒకటుంది ఆయనకు. ఆ పనివాళ్లెవరూ తమ పార మరొకరి చేతికివ్వరు. పిడి ఒక్క చేతికే అలవాటు పడాలంటారు. ఆయనా ఎవరికీ ఇవ్వలేదు. రోజూ మధ్యాహ్నం నాలుగు దాటాక, బట్టీ ముందు పని అయ్యాక, పార పిడితో గది గడపమీద రెండుసార్లు కొట్టేవాడు. ఉడుము తల బయటపెట్టేది. నాలుక ఆడించేది. గుడ్లు తిని వెళ్లిపోయేది.

“నేనంటే తెలుసు దానికి,” అనేవాడు.

“గుడ్డంటే తెలుసు,” అనేది భార్య.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఆయన మళ్లీ అదే మాట అనేవాడు.

పదమూడు రోజుల కిందట అగ్నిమాపక శాఖ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. బట్టీ వెనక గోడ నెర్రెలిచ్చిందనీ, విప్పి కట్టించాలనీ రాశాడు. ఆ గోడ చూడటానికి వెనక గది తలుపు తీశాడు. తీసినంత వేగంగా మూసి, ఇంకో కాగితం కూడా రాశాడు. ఆ కాగితం వన్యప్రాణి శాఖకు వెళ్లింది. మర్నాడే ఆఫీసరమ్మ వచ్చింది. ఉడుమును ఇళ్లలో ఉంచకూడదని ఎప్పటినుంచో చట్టం ఉందని చెప్పింది. నోటీసులో గడువు ఈ బుధవారం సాయంత్రం అయిదు గంటలు. ఆ లోపల తామే అప్పగిస్తే కేసుండదు. అప్పగించకపోతే ఉంటుంది.

“అప్పగిస్తే అడవిలో వదులుతారాండీ?” అని రొట్టెలాయన అడిగాడు.

“వదల్లేం. మనిషి చేతి తిండికి అలవాటు పడింది. ఏ నేల నుంచి వచ్చిందో ఎవరికీ తెలీదు. మా సంరక్షణ కేంద్రంలో ఉంచుతాం. అక్కడా చోటు లేదు. ముప్పై రోజుల్లో చోటు దొరక్కపోతే డాక్టరుగారు నిర్ణయిస్తారు.”

“ఏమని?”

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. “ముందు అప్పగించండి,” అంది.

ఆ రోజు నుంచీ ఇల్లు రెండుగా చీలింది. ఇచ్చేయాలని భార్య. ఇవ్వడానికి వీల్లేదని కూతురు. ఆయన మధ్యలో. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చూద్దాంలే అంటూ రోజులు గడిపాడు. గోడ పని మాత్రం ఆపలేదు. శనివారం సాయంత్రం, తొమ్మిదేళ్లలో మొదటిసారి, బట్టీ ఆర్పారు. ఆదివారం, సోమవారం ముసురు. వెనక గది కిటికీకి రెక్కలు లేవు. ఆ రెండు రోజులూ మేనేజరు గుడ్లు ముట్టలేదు.

“నోటీసు సంగతి తెలిసి అలిగినట్టున్నాడు,” అన్నాడు మేస్త్రీ సోమవారం.

మంగళవారం ఆరు నలభైకి ఆయన వేలు నొక్కి చూసింది అందుకే.

ఎనిమిదీ అయిదుకు, ఆఫీసు తెరిచిన వెంటనే, రొట్టెలాయన భార్య ఫోను చేసింది. కళ్లు తుడుచుకునే మాట్లాడింది.

“చచ్చిపోయిందండీ. అవునండీ, మా ఉడుమే. పొద్దున్న చూశాం.”

ఫోటో పంపమంది ఆఫీసరమ్మ. పొడవు కొలిచి పెట్టమంది. “పూడ్చకండి. నాలుగింటికి వచ్చి చూసి ఫైలు మూసేస్తాను.” ఫోను పెట్టేసే ముందు, “అయ్యో పాపం,” అని కూడా అంది.

పూడ్చవద్దనే మాట వచ్చేసరికి మేస్త్రీ పెరట్లో గొయ్యి తవ్వేసి ఉన్నాడు. దాన్ని అలాగే వదిలేశారు. ఉడుమును ఇద్దరు మోసుకొచ్చి, పెరటి మధ్యలో రెండు పెద్ద ట్రేలు కలిపి వేసి వాటి మీద పడుకోబెట్టారు. భార్య ఫోటో తీసి పంపింది. తొమ్మిదిన్నరకు మబ్బు విడిపోయింది. ఎండ వచ్చింది.

పదకొండూ పదికి కూతురు కేక పెట్టింది.

రొట్టెలాయన చేతిలో ఇటుకతో పెరట్లోకి పరుగెత్తాడు. ఉడుము ట్రే మీదే ఉంది. నోరు మూసే ఉంది. కూతురు వేలు చూపించింది. పెదవుల మధ్య నుంచి నాలుక బయటికి వచ్చి, రెండు కొసలూ ఆడి, లోపలికి పోయింది.

“చచ్చినదానికి నాలుక ఆడుతుందా?” అన్నాడాయన.

“అది చావలేదు నాన్నా. చల్లబడింది. అంతే!” కూతురు నెత్తి కొట్టుకుంది. “శీతల రక్త జంతువులని పోయిన పరీక్షలో రెండు మార్కులకు రాశాను. రెండుకి రెండూ వేశారు. ఇంట్లో కళ్లముందు పడుంటే మాత్రం, నువ్వు పోయిందన్నావని నమ్మేశాను.”

“వేలు నొక్కి చూశానే. గుంట లేవలేదే.”

“అదేమన్నా పిండా నాన్నా!”

మేస్త్రీ వచ్చి చూసి తలపాగా విప్పి మళ్లీ కట్టుకున్నాడు. భార్య వచ్చి చూసి, “ఒరేయ్ మేనేజరూ,” అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. “ఏవండీ, ఇప్పుడేం చేద్దాం? చచ్చిందని ఫోటో కూడా పంపేశాం కదా.”

రొట్టెలాయన ఇటుక కింద పెట్టాడు. పొద్దున్న దించుకున్న బస్తా మళ్లీ భుజమ్మీద పడింది. పడినందుకు ఆయనకు సంతోషంగా ఉంది. సంతోషంగా ఉన్నందుకు భయంగా ఉంది. నాలుగింటికి ఆఫీసరమ్మ వస్తుంది. వస్తే ఏం చెప్పాలన్నదే లెక్క.

పదకొండు నలభైకి ఉడుము ట్రే దిగింది. ప్రహరీ వెంట నడవడం మొదలుపెట్టింది. ముందు కుడి కాలు, వెనక ఎడమ కాలు, నడుము అటు ఊగి, ముందు ఎడమ కాలు, వెనక కుడి కాలు. గేటు వేసే ఉంది. అది పెరటి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. మూడో చుట్టులో నీళ్లు పట్టిపెట్టిన సిమెంటు తొట్టి ఎక్కి, లోపలికి దిగి, ఒళ్లంతా ముంచింది. ముక్కు ఒక్కటే పైన ఉంచింది. అలా ఏడు నిమిషాలుంది. కూతురు గడియారం చూసింది.

ఆ ఏడు నిమిషాల్లోనే ఇల్లు తలకిందులైంది.

“కాగితం మీద చచ్చింది,” అంది భార్య. “కాగితం మీద చచ్చినదాన్ని ఎవరూ పట్టుకుపోలేరు. వాసన వస్తుందని పూడ్చేశామని చెబుదాం. గొయ్యి తవ్వే ఉంది.”

“నీకు కావలసింది అది పోవడమే కదే? నిన్న రాత్రి దాకా ఇచ్చేయమన్నావు.”

“అన్నాను. పోయిందని మీరన్నాక తెలిసింది.”

“ఏం తెలిసింది?”

“ఏమో. ఏడుపొచ్చింది. ఎందుకని అడక్కండి, నాకే తెలీదు. ఈ కాలు చూడండి. కుట్లేసిన డాక్టరుతో గాజుపెంకు గుచ్చుకుందని చెప్పాను. దీని కోసం అప్పుడే అబద్ధమాడాను, ఇప్పుడు కొత్తేంటి?”

“గోతిలో నాలుగు పాత ఇటుకలేసి పూడుద్దాం,” అన్నాడు మేస్త్రీ. “ఎలాగూ పారేసేవే. ఎవరన్నా తవ్వినా, బండబారిపోయిందనుకుంటారు.”

కూతురు తొట్టి దగ్గర్నుంచి లేవకుండానే అంది. “ఇచ్చేద్దాం నాన్నా.”

ఆయన సరిగా వినలేదనుకున్నాడు. పన్నెండు రోజులుగా అన్నం మానేస్తానని బెదిరించిన పిల్ల అది.

“ఇచ్చేస్తే ముప్పై రోజుల్లో చంపినా చంపుతారు. విన్నావు కదా ఆవిడ మాట?”

“విన్నాను.”

“మరి?”

“ఇది నడుస్తుంది నాన్నా. నేనెప్పుడూ చూడలేదు. నువ్వు చూశావా? మన గదిలో నాలుగు అడుగులేస్తే గోడ. తిరగాలంటే తోక మడవాలి. ఈత కొట్టడానికి మనమిచ్చింది పాత పిండి తొట్టె. అందులో తల బయట, తోక బయట. ఇప్పుడు చూడు.”

“నేనేమన్నా అడవికెళ్లి పట్టుకొచ్చానా? కట్టెల్లో వచ్చింది. ఆ రోజు వదిలేసుంటే పిల్లి తినేది.”

“ఆ రోజు మంచి పనే చేశావు. రెండో రోజు నుంచి మనం చేసిందేంటో నాకు తెలియడం లేదు.”

ఆయనకూ తెలియలేదు. వదిలేద్దామా అనుకున్నాడు, కాలువ రెండు వీధుల అవతలే ఉంది. కానీ కాలువ గట్టున పిల్లలాడతారు, కోళ్లుంటాయి, పార చప్పుడైతే చాలు తల బయటపెట్టే జంతువిది. కర్రతో ఎవరు కొట్టినా చస్తుంది. దాచితే బతుకుతుంది, ఎనిమిదీ ఆరు గదిలో, ఇంకో పదేళ్లు. ఇస్తే చోటు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. ఏది దయో, ఏది తన సౌకర్యమో ఆయనకు విడదీయడం రాలేదు. పిండి విషయంలో ఇలాంటి బాధ ఎప్పుడూ లేదు. వేలు నొక్కితే తెలిసిపోయేది. ఆ వేలు కూడా ఈ పొద్దున తప్పిందని గుర్తొచ్చింది.

పన్నెండూ ఇరవైకి మేస్త్రీ కొత్త గోడ ఆరడానికి బట్టీలో చిన్న మంట వేశాడు. ఒంటిగంటా పావుకు ఉడుము పెరడు దాటి, తెరిచి ఉన్న తలుపులోంచి వెనక గదిలోకి తనంతట తానే వెళ్లింది. గోడకు ఆనుకుని పడుకుంది.

“చూశారా! ఇల్లు గుర్తుపట్టింది,” అంది భార్య.

“వేడి గుర్తుపట్టింది,” అంది కూతురు.

“ఈ రెండిటికీ తేడా ఏంటమ్మా?” అన్నాడు మేస్త్రీ. “నేను మా ఇంటికి తిండి కోసమే పోతా. మా ఆవిడ మాత్రం తనకోసమే వస్తున్నాననుకుంటుంది. ముప్పై ఏళ్లుగా కాపురం నడుస్తోంది.”

రొట్టెలాయన ఒక్కడే నవ్వలేదు. మధ్యాహ్నం భోజనానికి కూర్చుని లేచిపోయాడు. మూడూ ఇరవైకి పెరట్లోకి వెళ్లి, గోతిలో పాత ఇటుకలు వేయడం మొదలుపెట్టాడు. మేస్త్రీ నాలుగన్నాడు, ఆయన పదకొండు వేశాడు. పైన మట్టి పోసి కాలితో తొక్కాడు. కూతురు కిటికీలోంచి చూసింది. ఏదో ఒకటి అంటే బాగుండునని ఆయనకనిపించింది.

నాలుగూ అయిదుకు ఆఫీసరమ్మ వచ్చింది. చెప్పులకు బురద. చేతిలో టేపు, ఫైలు. పొద్దున్నుంచీ ఇది అయిదో ఇల్లని చెప్పి, నీళ్లడిగి తాగింది. పెరట్లో మట్టి దిబ్బ చూసింది.

“పూడ్చొద్దన్నాను కదండీ.”

“ఎండొచ్చిందండీ. వాసనొస్తుందని...” అంది రొట్టెలాయన భార్య.

ఆఫీసరమ్మ దిబ్బ చుట్టూ ఒకసారి నడిచింది. మేస్త్రీ గమేళా తోముతున్నాడు, తోమిందే తోముతున్నాడు. తవ్వించమంటుందని నలుగురూ ఎదురుచూశారు.

“సరే. ఫోటో ఉంది. పొడవెంత?”

“ఆరడుగుల తొమ్మిది అంగుళాలు,” అంది భార్య గబగబా.

ఆవిడ మీటర్లలోకి మార్చి రాసుకుంది. “నిజం చెప్పాలంటే మీరు అదృష్టవంతులు. అదీ అదృష్టం చేసుకున్నదే కావచ్చు. కేంద్రంలో ఇప్పుడున్నవాటికే చోటు లేదు. ఇక్కడ సంతకం పెట్టండి. ‘మరణించినది’ అని ఉంది చూడండి, దాని కింద.”

కలం రొట్టెలాయన చేతికొచ్చింది. ఆయన కాగితం చూశాడు. మరణించినది. కింద గీత. ఒక్క సంతకం పెడితే నోటీసు లేదు, గడువు లేదు, కేసు లేదు. ఉడుము గోడ అవతలే ఉంది. భార్య ఆయన్ని చూడటం లేదు. కూతురు చూస్తోంది. పిల్ల చూసే చూపులో కోపం ఉందా, జాలి ఉందా అని ఆయన వెతికాడు. దొరకలేదు.

కలం కాగితం మీద పెట్టి, ఎత్తాడు.

“మేడమ్, ఒక చిన్న పని చేస్తారా?”

“చెప్పండి.”

ఆయన లోపలికెళ్లి చెక్క పార తెచ్చాడు. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి దాన్ని ఇంకొకరి చేతికిచ్చాడు. భార్య నోటిమీద చెయ్యి వేసుకుంది.

“ఇటు రండి. ఈ గడపమీద, పిడితో, రెండుసార్లు కొట్టండి.”

“ఎందుకండీ?”

“కొట్టండమ్మా. నాకో సంగతి తేలాలి.”

ఆఫీసరమ్మ పారవైపూ ఆయనవైపూ చూసింది. ఎవరి ఇంట్లో ఏ ఆచారముందో అనుకున్నట్టు, రెండుసార్లు కొట్టింది. ఆయన నాలుగడుగులు వెనక్కి జరిగి గోడ పక్కన నిలబడ్డాడు, లోపలికి కనబడకుండా.

కొంతసేపు ఏమీ జరగలేదు. ఆయన లెక్కపెట్టాడు. పధ్నాలుగు దగ్గర ఉడుము తల బయటపెట్టింది. ఆఫీసరమ్మ చెప్పులవైపు నాలుక ఆడించింది. గుడ్ల కోసం నోరు తెరిచింది.

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. పార మాత్రం వదల్లేదు.

“ఇదేమిటండీ!”

“మేనేజరండీ,” అన్నాడు మేస్త్రీ.

“మరి ఆ గోతిలో?”

“ఇటుకలండీ. పదకొండు,” అన్నాడు రొట్టెలాయన.

రొట్టెలాయన భార్య తొట్టి అంచుమీద కూర్చుండిపోయింది. కూతురు వెళ్లి గుడ్ల ట్రే తెచ్చి, పగిలినవి మూడు ఏరి ఉడుము ముందు పెట్టింది. అది తింది.

“ఎవరు కొట్టినా వస్తుందన్నమాట,” అన్నాడు రొట్టెలాయన. ఎవరితోనూ కాదు.

ఆఫీసరమ్మ పార గోడకు చేర్చి ఫైలు తెరిచింది. ‘మరణించినది’ మీద గీత కొట్టింది. పైన ‘సజీవం’ అని రాసింది. తప్పుడు సమాచారం గురించి ఏమీ రాయలేదు; పొద్దున ఆరు నలభైకి మీరు నిజంగానే చచ్చిందనుకున్నారా అని మాత్రం అడిగింది. అనుకున్నామన్నారు. “మరి ఇటుకలు ఎప్పుడేశారు?” అని అడిగింది. నలుగురూ మట్టి దిబ్బవైపు చూశారు. ఆవిడ రెండోసారి అడగలేదు.

టేపుతో కొలిచారు. రెండు మీటర్ల ఆరు సెంటీమీటర్లు. బండి అయిదూ పదికి వచ్చింది. ఇద్దరు మనుషులు, ఒక గోనెపట్టా, ఒక పెట్టె. పెట్టె పొడవు రెండున్నర మీటర్లు. మూత వేసే ముందు ఉడుము తోక ఒకసారి పెట్టె గోడకు కొట్టింది. బండి అయిదూ ముప్పై అయిదుకు బయల్దేరింది. గడువుకు ఇరవై మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు మిగిలి ఉంది.

ఆ పార ఆవిడ చేతికి ఎందుకిచ్చారని భార్య అడిగింది. ఆ రోజు ఆయన, కూతురి ముందు అబద్ధపు సంతకం పెట్టలేకపోయానన్నాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ అడిగితే, ఉడుము రాదనుకున్నానన్నాడు. రాకపోతే తను పెంచినది తననే గుర్తుపట్టినట్టు; అప్పుడు ధైర్యంగా సంతకం పెట్టేసేవాడట. వారం తర్వాత మూడోసారి అడిగితే, తనకు తెలీదన్నాడు. ఆవిడ నాలుగోసారి అడగలేదు.

బట్టీ బుధవారం మళ్లీ వెలిగింది. కొత్త గోడ వేడి బాగా నిలుపుతోందని మేస్త్రీ వచ్చి చెయ్యి పెట్టి చూసి వెళ్లాడు. వెనక గది తలుపు మూసే ఉంది. మూడో వారం పిండి కొట్లో ఒక బస్తాకు కన్నం కనబడింది. పగిలిన గుడ్లు ఏం చేయాలో తోచక కొన్నాళ్లు గిన్నెలో పోగుచేసి, తర్వాత మొక్కల మొదట్లో పోయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం నాలుగు దాటాక రొట్టెలాయన పార గోడకు చేర్చి, చేతులు తుడుచుకుని, మళ్లీ తీసుకుని, మళ్లీ చేర్చేవాడు.

ఇరవై ఆరో రోజు, మధ్యాహ్నం మూడూ యాభైకి, ఆఫీసరమ్మ ఫోను చేసింది. రొట్టెలాయన పిండి చేత్తోనే తీశాడు.

“బతికుందాండీ?”

“ఉంది. ఒకటి అడగాలి. మీ ఇంట్లో అది పడుకునే చోట వేడి ఎంత ఉండేది?”

“వెచ్చగా ఉండేదమ్మా.”

“ఎన్ని డిగ్రీలు? ఇక్కడ తినడం లేదు. డాక్టరుగారు అడుగుతున్నారు.”

బట్టీ లోపలి వేడి ఆయన రోజుకు ఆరుసార్లు కొలుస్తాడు. తొమ్మిదేళ్లలో ఆ గది వేడి ఒక్కసారీ కొలవలేదు.

“చోటు దొరికిందాండీ దానికి?” అని అడిగాడు.

“ఇంకా నాలుగు రోజుల గడువుంది. ముందు ఆ అంకె చెప్పండి.”

“ఉండండి. పెట్టేయకండి.”

థర్మామీటరు తీసుకుని వెనక గది తలుపు తెరిచాడు. నేలమీద ఉడుము పడుకునే చోట, గోడ వారగా, సిమెంటు నునుపు తేలి ఉంది. ఆ నునుపు మీద థర్మామీటరు పెట్టి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ఫోను చెవి దగ్గరే ఉంది. అవతల ఆఫీసరమ్మ ఎవరినో ఆగమంటోంది. నాలుగు నిమిషాలు పట్టింది అంకె నిలబడటానికి.

“ముప్పై ఆరు,” అన్నాడు.

“ముప్పై ఆరు,” అని ఆవిడ తిరిగి పలికి, రాసుకుంది. అప్పుడు టైము మూడూ యాభై ఎనిమిది.